కూర్మారావు కాలి మీద పడిన నా అబద్ధం

సహోదరులారా, సహోదరీలారా, మీ ముందు నిలబడ్డానే గానీ తలెత్తి మాట్లాడలేకపోతున్నాను. పలాసలో నాది చిన్న లేత్ షాపు. ట్రాక్టరు ట్రాలీ తొట్టి పైకి లేవడానికి కీలులా ఉండే పిన్నులు, వాటికి తొడిగే బుష్‌లు నేనే చేసేవాణ్ణి. పిన్ను గట్టిగా ఉండాలి, గన్‌మెటల్ అనే కంచు బుష్ మెత్తగా ఉండి అదే అరగాలి, అరిగితే మార్చుకోవచ్చు అని పని నేర్పిన మేస్త్రి మొదటిరోజే చెప్పాడు. నేను వింటేనా! నా పిన్ను అరగదని పేరు రావాలని పాత లారీ యాక్సిల్ ముక్కను ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచేవాణ్ణి. ముంచాక మళ్లీ సన్నని సెగ మీద పెట్టి నిదానంగా చల్లార్చకపోతే అది గాజులా పెళుసైపోతుంది, ఆ సంగతి తెలిసి కూడా దుక్కుల సీజన్లో తొందరకొద్దీ ఎగ్గొట్టాను.

ఒకరోజు కంకర దించుతుంటే ఆ పిన్ను పుటుక్కున విరిగి, తొట్టి ఒరిగి, డ్రైవరు కూర్మారావు కాలు నలిగిపోయింది. ట్రాక్టరు యజమాని విరిగిన ముక్కలు తెచ్చి అడిగితే, "ఓవర్‌లోడ్ ఏసీసినాడు బాబూ, నా పిన్నుకి లోపమేటీ నేదు" అన్నాను! ఆ ఒక్క మాటతో కూర్మారావు పని పోయింది.

జీడిపప్పు కార్ఖానాలో పనిచేసే అతని భార్య దాలమ్మ మన మందిరానికే వస్తుంది కదా, ఒక ఆదివారం ఆమె లేచి, తన భర్త చేసిన తప్పును దేవుడు క్షమించేలా ప్రార్థన చేయమని ఏడ్చింది. అందరితోపాటు నేనూ ఆమెన్ అన్నాను. ఎంత సిగ్గులేని నోరు సహోదరులారా, ఆమెన్ అన్నాను!

ఆ రోజు నుంచి అన్నం సహించలేదు. షాపులోనే ఇనుప రజను మీద మోకరించి, "పెబువా, ఆ పిన్ను ఇరిగింది నా వల్లే. నా నోటితో నానే సెప్పేలాగ సెయ్యి, నాకు దైర్యం సాలట్లేదు" అని ఏడ్చాను. వారం తిరక్కుండా ఆయన నన్ను యజమాని ఇంటికి నడిపించాడు, నిజం చెప్పించాడు, కూర్మారావును మళ్లీ పనిలోకి పిలిపించాడు, దేవునికే మహిమ! నేను వెళ్లి కూర్మారావు కాళ్లు పట్టుకుంటే మాత్రం అతను కాళ్లు లాక్కుని లోపలికి వెళ్లిపోయాడు.

సరిగ్గా నెల తర్వాత కుంటుకుంటూ నా షాపుకు వచ్చాడు. "ట్రాలీకి పిన్ను నువ్వే సెయ్యి బావా. ఈపాలి నిదానంగా సెయ్యి" అన్నాడు.

సహోదరులారా, తప్పు దాచుకుని నలిగిపోతున్నవారెవరైనా ఉంటే ఈరోజే ప్రభువును నమ్మి ఆయన దగ్గరకు రండి. నేను కాలు విరగ్గొట్టిన మనిషే ఇప్పుడు నేను చేసిన పిన్ను మీద బండి తోలుతున్నాడు.