పూసల బుర్రలో పాలు

కిమోసోప్ పుట్టినప్పుడు బొడ్డు కోయడానికి మంత్రసాని కత్తి చేత పట్టుకుని వాడి వెంట పక్క కొండ దాకా పరిగెత్తాల్సి వచ్చిందని మా కాప్తెరెక్ ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ కథ పుట్టించింది నేనే. వాడి పుట్టుకే వంకర అని నలుగురికీ చెప్పాలన్న కుళ్ళుతో పుట్టించాను. ఊరేమో దాన్ని పొగడ్తగా తీసుకుంది. ఇప్పుడు నేనే కాదన్నా ఎవరూ వినరు.

మనిషిని చూస్తే అంత కథ కనబడదు. కొంగకాళ్ళు, వెనక్కి తిరిగిన టోపీ, ఒక పాత సైకిలు. దానికి రెండు పక్కలా రెండు పాల క్యాన్లు. పెళ్ళాం పోయి పదేళ్ళయింది. కూతుళ్ళిద్దరూ ఎల్డొరెట్ పట్నంలో టీచర్లు. రోజూ తెల్లవారగానే గేటు గేటుకీ ఆగి, పాలు కొలిచి క్యాన్లలో పోయించుకుని డెయిరీకి చేరుస్తాడు. ఇంతకుమించి వాడు చేసిన ఘనకార్యం ఒక్కటే. అది నా కళ్ళ ముందే, నాకు ఆవు పొడుగంత దూరంలో జరిగింది.

చిన్నప్పుడు మేమిద్దరం మిషన్ బళ్ళో సిస్టర్ కొలంబా దగ్గర చదువుకున్నాం. ఇంటి నుంచి బడికి తొమ్మిది కిలోమీటర్లు, మధ్యలో ఒక వాగు, దాని తర్వాత నిటారుగా ఒక గుట్ట. ఆ గుట్ట మీద సిస్టర్ ఇత్తడి గంట పట్టుకుని నిలబడేది. కిమోసోప్ ఎప్పుడూ గంటకు ముందే ఎక్కి, ముక్కు తుడుచుకుని, బుద్ధిమంతుడిలా చేతులు జోడించి ఉండేవాడు. నేను మోగుతున్న గంటతో పాటు చేరేవాణ్ణి. "తువెయ్, నీ కాళ్ళు వచ్చాయి సరే, ఊపిరి ఎక్కడ వదిలేశావు?" అని సిస్టర్ రోజూ అడిగేది. వాగు దగ్గర వదిలానని, సాయంత్రం తెచ్చుకుంటానని చెప్పేవాణ్ణి. అబద్ధాలకు నాకు వేరే శిక్ష ఉండేది. అది ఇక్కడ అక్కర్లేదు. సిస్టర్ పోయాక కూడా ఆ గుట్టను సిస్టర్ గుట్ట అనే అంటున్నాం.

మాకు ఇరవై నాలుగేళ్ళప్పుడు డెయిరీవాళ్ళు ఊళ్ళో మొదటి మారథాన్ పెట్టారు. డెయిరీ గేటు దగ్గర మొదలు, కెరియో లోయ అంచు వెంట పోయి, దేవదారు అడవి చుట్టి, వాగు దాటి, సిస్టర్ గుట్ట ఎక్కి మళ్ళీ డెయిరీ గేటు. మొదటివాడికి ఒక పెయ్య. గుట్ట దాకా నేనే ముందున్నాను. ఇది మాత్రం కల్పన కాదు. గుట్ట ఎక్కుతుంటే గాలి పలచబడింది. ఛాతీలో ఎవరో పీట వేసుకు కూర్చున్నట్టయింది. కిమోసోప్ నా పక్కనుంచి, పాలు తేవడానికి వెళ్తున్నవాడిలా వెళ్ళిపోయాడు.

పెయ్య పోయినందుకు నాకు బాధ లేదు. గెలిచి వచ్చినవాడికి మా వాళ్ళు ముర్సిక్ పట్టిస్తారు. సెనెత్ చెట్టు కొమ్మ కాల్చి, ఆ నిప్పుబొగ్గుతో సొరబుర్ర లోపలంతా పులిమి, అందులో పాలు పోసి రోజుల తరబడి పులియబెడతారు. గెలిచినవాడు బుర్రను ముట్టుకోకూడదు. ఆడమనిషి చేత్తో పట్టుకుని నోటికి అందించాలి. ఆ రోజు అందించింది జెరోప్. డెయిరీ గేటు ఎదురింటి పిల్ల. వాళ్ళమ్మ ఇచ్చిన, ఎర్రపూసలూ తెల్లపూసలూ కుట్టిన చిన్న బుర్ర ఆమె చేతిలో. కిమోసోప్ గడగడా తాగి, పాల మీసంతో నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. రెండో స్థానంవాడికి జెరోప్ పిన్ని గ్లాసుతో నీళ్ళిచ్చింది.

రెండేళ్ళకు జెరోప్‌ను నేనే పెళ్ళిచేసుకున్నాను. కిమోసోప్ అడగలేదు, నేను అడిగాను, అంతే. ఇక గొడవ అయిపోయిందనుకున్నాను.

అయిపోలేదు. కిమోసోప్ ఆ మారథాన్‌లో ప్రతి ఏడూ పరిగెత్తాడు. మళ్ళీ ఎప్పుడూ గెలవలేదు. నాలుగో స్థానం, పదో స్థానం, నలభయ్యో స్థానం, చివరికి అందరికంటే వెనక. ఈ మధ్య వాడు వచ్చేసరికి షామియానా విప్పేసి, కుర్చీలు ట్రక్కులో వేసేస్తున్నారు. కానీ జెరోప్ అక్కడే ఉంటుంది. ఆ ఏటి విజేతకు పెద్ద బుర్రతో ముర్సిక్ పట్టించాక, మూడు గంటలు ఎండలో నిలబడి, పూసల బుర్రతో కిమోసోప్‌కి పట్టిస్తుంది. మొదటి ఏటి విజేతకు అది మర్యాదట. ఊరంతా చప్పట్లు కొడుతుంది. నేను కూడా కొడతాను, కొట్టకపోతే చూస్తారని.

ఇంట్లో నా ముర్సిక్ మూత విరిగిన ప్లాస్టిక్ మగ్గులో వస్తుంది.

"ఆ పూసల బుర్రతో నాకెప్పుడు పోస్తావ్?" అని పోయినేడు అడిగాను.

"పరిగెత్తి రా, పోస్తా."

"అరవై అయిదేళ్ళొచ్చాయే నాకు!"

"వాడికేమన్నా ఇరవయ్యా?"

ఆ మాట నా గుండెలో ముల్లులా దిగింది. మర్నాటి నుంచి రహస్యంగా పరుగు మొదలుపెట్టాను. ఎక్కడికని అడిగితే దూడ తప్పిపోయిందన్నాను. నాలుగు నెలల్లో మా దూడ డెబ్భై సార్లు తప్పిపోయింది. పాపం, అది కట్టుకొయ్యకున్న పలుపు తెంచుకున్నదే లేదు.

పందెం వారం ఉందనగా గుట్ట ఎక్కి చూసుకున్నాను. సగం దాకా కూడా పోలేక రాయి మీద కూలబడ్డాను. సరిగ్గా అప్పుడే కిమోసోప్ నిండు క్యాన్లతో సైకిలు నెట్టుకుంటూ పైకొచ్చాడు.

"దూడ దొరికిందా, తువెయ్?"

"వెతుకుతున్నాను."

"ఆ రాయి కింద చూశావా?" అని నవ్వి, ఆయాసమే లేకుండా వెళ్ళిపోయాడు.

ఆ కోపంలో ఒక పని చేశాను. నాకు దక్కని పాలు వాడికి రుచించకూడదనుకున్నాను. ఆ సాయంత్రం జెరోప్ బుర్రలు పొగబెట్టడానికి అరుగు మీద కూర్చుంది. పెద్ద బుర్ర అయింది. పూసల బుర్ర మిగిలింది. సెనెత్ పుల్లలు నేను తెస్తానని లేచాను.

"జ్వరం గానీ వచ్చిందా నీకు?" అంది, నుదురు చూడబోతూ.

పెరట్లో సెనెత్ కట్ట పక్కనే నీలగిరి కొమ్మలు పడి ఉన్నాయి. బెరడు గీకి ఒకటి ఆమె చేతికిచ్చాను. ఆమె నిప్పులో పెట్టింది, ఊదింది, బుర్రలో పెట్టి తిప్పింది. మా ఊళ్ళో మగవాడు ఆ పొయ్యి దగ్గరికి ఎందుకు పోడో ఆ రోజు నాకు అర్థం కాలేదు. మా ఆడవాళ్ళు కళ్ళు మూసుకుని పుల్ల వాసన చూసి అది ఏ కొండ చెట్టో చెప్తారు. నాకేమో పుల్ల పుల్లే.

పందెం రోజున చొక్కాకు నంబరు గుచ్చుకుని అందరి వెనకా నిలబడ్డాను. మైకు పట్టుకున్న కుర్రాడు ఊరంతా వినేలా, "తువెయ్ తాతా! ఇది మారథానండీ, మీ దూడ ఇటు రాలేదు!" అన్నాడు. రహస్యం ఊరందరికీ తెలుసని అప్పుడు తెలిసింది. జెరోప్ గేటు దగ్గర రెండు బుర్రలూ పక్కన పెట్టుకుని కూర్చుంది. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. చెప్పులు బాగా బిగించుకో అని సైగ చేసింది.

కుర్రాళ్ళు జింకల్లా మాయమయ్యారు. లోయ అంచున మేమిద్దరం మిగిలాం. కిమోసోప్ నాకంటే యాభై అడుగులు ముందు, తప్పు రాగంలో చర్చి పాట పాడుకుంటూ. ఇరవై కిలోమీటర్ల పాటు ఆ టోపీని చూస్తూ కుళ్ళుకున్నాను. వాడి కాళ్ళ మీద, వాడి ఊపిరి మీద, వాడి పాట మీద కూడా. దేవదారు అడవిలో పిక్కలు పట్టేశాయి. ఆడవాళ్ళు అరటిపండు ఇచ్చి, "ఆగిపో తాతయ్యా, ట్రక్కు వస్తోంది" అన్నారు. ట్రక్కులో కుర్చీలు పోతాయి, నేను పోను అన్నాను.

వాగు దాటి గుట్ట మొదలుపెట్టేసరికి, ఎన్నేళ్ళకో ఒక వింత చూశాను. కిమోసోప్ రాయి మీద కూర్చుని ఉన్నాడు. నేను కూలబడ్డ రాయే.

"మోకాలు పట్టేసింది. నువ్వు పో" అన్నాడు.

"దూడ కోసం చూస్తున్నావేమో అనుకున్నాను" అని దాటిపోయాను. నలభై ఒక్క ఏళ్ళు దాచుకున్న మాటలా అంత తియ్యగా ఉంది అది నా నోట్లో.

గుట్ట పైకి చేరాను. గేటు కనబడుతోంది. విప్పిన షామియానా, ఒక్క కుర్చీ, కుర్చీ పక్కన పసుపు గుడ్డ కట్టుకున్న జెరోప్. గెలుస్తున్నానన్న సంతోషం పది అడుగులు నడిచింది. పదకొండో అడుగులో నీలగిరి కొమ్మ గుర్తొచ్చింది. మా ఇద్దరిలో ముందు చేరినవాడి నోటికే ఆ బుర్ర.

నిలబడిపోయాను. వెనక్కి చూస్తే కిమోసోప్ లేచి, నెమ్మదిగా ఎక్కుతున్నాడు. ఆగితే చాలు. వాడే ముందు చేరతాడు, వాడే తాగుతాడు, ఊరి ముందు వాడే ఉమ్మేస్తాడు. నేను కోరుకున్నది అదే కదా. కానీ వాడు ఉమ్మేది ఎవరి పాలు? ముర్సిక్ చెడిపోతే బుర్రను ఎవరూ అనరు, పొగబెట్టిన చేతినే అంటారు. చనిపోయేదాకా అంటారు. మా మేనత్తను ఇప్పటికీ అంటున్నారు, ఆమె పోయి ఇరవై ఏళ్ళయింది.

ఎక్కడో వాగు దగ్గర వదిలేసిన ఊపిరంతా ఒక్కసారి తెచ్చుకుని పరిగెత్తాను.

గేటు దాటగానే మిగిలిన పాతికమందీ చప్పట్లు కొట్టారు. జెరోప్ పూసల బుర్ర మూత తీసింది. నా గడ్డం కింద ఒక చెయ్యి పెట్టి, రెండో చేత్తో బుర్ర నోటికి ఆనించింది. ఎన్నేళ్ళు ఎదురుచూశానో ఆ చేతి కోసం. మొదటి గుక్క నోట్లో పడగానే జలుబు మందు డబ్బా మింగినట్టయింది. కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. ఆనందమని అందరూ అనుకున్నారు.

"ఎలా ఉంది?" అంది జెరోప్.

"బాగుంది."

"అయితే మొత్తం తాగు."

తాగాను. చుక్క మిగల్చకుండా తాగాను. ఈలోగా కిమోసోప్ వచ్చాడు, మోకాలు ఏ మాత్రం కుంటకుండా. జెరోప్ కుర్చీ కిందనుంచి ఫ్లాస్కు తీసి, చక్కెర వేసిన వేడి వేడి పాల టీ కప్పులో పోసి వాడికిచ్చింది.

"ఇదేమిటి?" అన్నాను, నోట్లోంచి నీలగిరి గాలి వదులుతూ.

"వాడికి ముర్సిక్ పడదయ్యా. మొదటి రోజు నుంచీ పడదు. మర్యాద కోసం మింగుతున్నాడు, పాపం."

"నీలగిరి సంగతి...?"

"పుల్ల చేతిలోకి రాగానే తెలిసింది. ఎవరు తెచ్చారో వాళ్ళే తాగాలనుకున్నాను. ఆ గుట్ట కింద కాసేపు కూర్చోమని కిమోసోప్‌కి చెప్పాను. వాడు ఆగుతాడని తెలుసు. పైకెక్కాక నువ్వు ఆగుతావో లేదో, అదే తెలియలేదు." అని, పసుపు గుడ్డ కొసతో నా మీసం తుడిచింది. "ఆగి, వెనక్కి చూశావు. ఇక్కణ్ణుంచి కనబడింది."

సిగ్గుతో నేల చూశాను. చాలాసేపు అలాగే ఉండాల్సింది. కానీ మనసు పాడుది, ఇంకో మాట పట్టుకుంది.

"అయితే ఇవన్నీ మీరిద్దరూ ఎప్పుడు మాట్లాడుకున్నారు?"

"ఎప్పుడేమిటి, రోజూ పొద్దున్నే. పాలు పోసేటప్పుడు."

"నలభై ఏళ్ళుగానా?"

"ఆదివారాలు కూడా" అన్నాడు కిమోసోప్, టీ చప్పరిస్తూ.

మర్నాడు ఒళ్ళంతా పచ్చిపుండులా ఉన్నా, ఆమె కంటే ముందే లేచాను. పాల క్యాను నేనే గేటు దగ్గరికి మోశాను. కిమోసోప్ సైకిలు ఆపి, నన్ను చూసి, మొహం వేలాడేసుకున్నాడు. "నువ్వా?" అన్నాడు. "నేనే. ఇక రోజూ నేనే" అన్నాను. వాడు పాలు కొలిచాడు. నేను కొలత సరిచూశాను. వాడు సిస్టర్ కొలంబా గంట సంగతి ఎత్తాడు. బొడ్డుకోత కథలో మంత్రసాని చేతిలో కత్తి కాదు, కొడవలి అని నన్నే సరిదిద్దాడు. నేను ఊరుకుంటానా? లోయలోంచి ఎండ మా మోకాళ్ళ దాకా వచ్చింది. పక్కవీధి వాళ్ళ పాలు ఆలస్యమయ్యాయని డెయిరీ నుంచి మనిషి కేకేశాడు.

ఇది జరిగి ఎనిమిది నెలలు. నిన్న పొద్దున గేటు దగ్గరినుంచి లోపలికొస్తే, నా టీ చల్లారిపోయి ఉంది. జెరోప్ గుమ్మంలో నడుము మీద చెయ్యి పెట్టుకుని నిలబడి ఉంది.

"రోజూ అంతసేపు వాడితో నీకేం మాటలు?" అంది.

ఆ గొంతు నాకు బాగా తెలుసు. నలభై ఏళ్ళు అది నా గొంతు.

"ఏముంటాయి, పాల మాటలు" అన్నాను.