పాత బ్యాండుకు అందని కబురు

గంటమ్మ అసలు పేరు ఆఫీసులో ఎవరికీ గుర్తులేదు. గొంతు విప్పితే గంట కొట్టినట్టుంటుందని ఎప్పుడో ఎవరో అన్నారు, అంతే, ఆ పేరు అతుక్కుపోయింది. ఇంట్లో మొగుడు కూడా వదిలేవాడు కాదు. కూరలో ఉప్పెక్కువైందని ఆవిడ చెబితే, "ముఖ్యాంశాలు మరోసారి చదువుతావా?" అనేవాడు. ఆవిడ మూతి ముడుచుకునేది గానీ లోపల మురిసిపోయేది. రేడియోలో ఎనౌన్సరు ఉద్యోగమంటే ఆవిడకి ప్రాణం.

ఆ ఉద్యోగంలో ఆవిడకి ఓనమాలు దిద్దించింది మాస్టారు. పాతకాపు. మైకు ముందు కూర్చుంటే చాలు కొయ్యబారిపోయే పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని, "ఊరంతా వింటోందని అనుకోకు తల్లీ. వంటింట్లో ఒకావిడ, చేతులు ఖాళీ లేకుండా వింటోందనుకో. ఆవిడకి చెప్పు, చాలు" అనేవారు. రోజూ పొద్దున్నే స్టేషన్ నంబరు చెప్పేది ఆయనే. "మీడియం వేవ్, పదమూడు వందల ఇరవై మూడు" అని ఆయన పలుకుతుంటే జనం ఆ నంబరు విని పొయ్యి వెలిగించుకునేవాళ్లు. రిటైరయ్యాక కూతురింట్లో ఉంటూ, ఆయనా తన పాత సెట్టులో ఆ స్టేషనే వినేవారు.

తర్వాత ఎఫ్ఎం వచ్చింది. స్టూడియో బల్ల మీద రెండు మీటలు పెట్టారు. ఒకటి పైకి తోస్తే గొంతు కొత్త ఎఫ్ఎంలో వినిపిస్తుంది, రెండోది తోస్తే పాత మీడియం వేవులో. పాతదాంట్లో రికార్డు పాటలు వాటంతటవే నడుస్తుండేవి. దాన్ని మూసేసే ముందు వారమంతా ఒక ప్రకటన చదవాలన్నారు. మీడియం వేవు ఆగిపోతోంది, ఇకనుంచి ఎఫ్ఎం సెట్టు కొనుక్కుని మమ్మల్ని అక్కడ వినండి అని. చదివేటప్పుడు రెండు మీటలూ తోయాలి. గంటమ్మ కొత్తది ఒక్కటే తోసింది. ఒకరోజు కాదు, వారమంతా. కొత్తదంటే ఆవిడకి మోజు. అందులో తన గొంతు మంచినీళ్లలా తేటగా వినిపిస్తుంటే చెవులకి హెడ్‌ఫోను పెట్టుకుని మైమరచిపోయింది. పాత మీట వైపు కన్నెత్తి చూస్తే ఒట్టు! ఇల్లు మారుతున్నామన్న కబురు కొత్తింట్లో కూర్చున్నవాళ్లకే మళ్లీ మళ్లీ చెప్పింది.

మీడియం వేవు మూసేశాక ఇంజనీరు బాబాయ్ ఆ పాత మీట ఊడదీయడానికి వచ్చాడు. "ఇదేంటమ్మా, ఇంత దుమ్ము పట్టింది? ఈ మధ్య ఎవరూ ముట్టుకున్నట్టే లేదే" అన్నాడు మామూలుగా. వారమంతా తను కొత్త మీట ఒక్కటే తోసిందని గంటమ్మకి అప్పుడు తట్టింది.

అప్పుడైనా చెప్పాల్సింది. ఆ మధ్యాహ్నమే మీటింగులో డైరెక్టరు గారు హుషారుగా అన్నారు: "వారం రోజులు చెప్పాం. ఒక్కడైనా ఫోన్ చేసి ఎందుకు మూస్తున్నారని అడిగాడా? అంటే వినేవాడే లేడన్నమాట. టవరు దించేసి ఫ్రీక్వెన్సీ తిరిగిచ్చేద్దాం." అందరూ తలలూపారు. గంటమ్మా ఊపింది. నోరు విప్పడమే బతుకుతెరువైన మనిషి ఆ ఒక్కచోట కుక్కిన పేనులా కూర్చుంది. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూ రోజులు దొర్లించింది.

ఆ రోజుల్లోనే మాస్టారి కూతురు ఫోన్ చేసింది. "ఒకసారి వచ్చి వెళ్లవే. నాన్నకి మతి తప్పుతోంది. ఆయన స్టేషన్ నంబరు ఆయనకే గుర్తులేదు."

గంటమ్మ వెళ్లేసరికి మాస్టారు కిటికీ పక్కన కుర్చీలో ఉన్నారు. ఒళ్లో పాత సెట్టు గురగురమంటోంది. మనిషి సగమైపోయారు.

"రా తల్లీ. ఒక్క మాట చెప్పు. పదమూడు వందల ఇరవై మూడేనా మనది? ముల్లు అక్కడే పెడుతున్నాను, లేదు. అటు తిప్పుతున్నాను, ఇటు తిప్పుతున్నాను, లేదు. అమ్మాయిని అడిగితే, దానికి రేడియో సంగతే తెలీదాయె. జీవితమంతా చెప్పిన నంబరే మర్చిపోయినవాణ్ని, ఇల్లు మర్చిపోనని ఏం నమ్మకం? బయటికెళ్లడం మానేశాను."

"స్టవ్వు కూడా ముట్టుకోనివ్వట్లేదే నేను" అంది కూతురు, గొంతు తగ్గించి. "ముట్టుకోనివ్వద్దని ఆయనే అన్నారు. టీ కూడా అడిగి తాగుతున్నారు."

గంటమ్మ నేల మీద చతికిలబడి, ఆయన మోకాలు పట్టుకుంది.

"నంబరు అదే మాస్టారూ. మీకేం కాలేదు. స్టేషనే లేదు. మూసేశాం. మీకు చెప్పాల్సింది నేనే, చెప్పలేదు." మీటల సంగతి, దుమ్ము సంగతి, మీటింగులో తలూపిన సంగతి అంతా కక్కేసింది. ఏడుస్తుంటే ఆవిడ గొంతు మామూలు ఆడమనిషి గొంతులాగే ఉంది.

మాస్టారు తిట్టలేదు. తిట్టినా బాగుండేది. సెట్టు కట్టేసి, "అయితే నా బుర్ర బాగానే ఉందన్నమాట" అన్నారు కూతురి వైపు చూసి. ఆవిడ కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఆయన లేచి వంటింట్లోకెళ్లి, ఎవరినీ అడక్కుండా స్టవ్వు వెలిగించి టీకి నీళ్లు పెట్టుకున్నారు. అక్కణ్నుంచే కేకేశారు.

"టవరు ఉందా ఇంకా?"

"ఉండాలి మాస్టారూ."

"అయితే ఫోన్ చెయ్. ఒక్కపూట ఆన్ చేయమను. వెళ్లి చెప్పిరా."

గంటమ్మ డైరెక్టరు గారికి ఫోన్ చేసింది. అంతా చెప్పింది.

"ఇప్పుడా చెప్పేది? పొద్దున్నే టవరు దించేశాం. ముక్కలు లారీకెక్కిస్తున్నారు. అయినా ఎందుకంత బాధ? వినేవాళ్లుంటే ఫోన్ చేసేవాళ్లు కదా?" అని ఆయన ఫోన్ పెట్టేశారు.

మాస్టారు టీ గ్లాసుతో గుమ్మంలో నిలబడ్డారు. "ఏమన్నాడు?"

"దించేశారట. వినేవాళ్లుంటే ఫోన్ చేసేవాళ్లు కదా అంటున్నారు."

"నేను చేశానా?" అన్నారు మాస్టారు. "నా మతే పోయిందనుకుని నోరు మూసుకుని కూర్చున్నాను. నాలాంటి ముసలాళ్లు ఎంతమంది ఇప్పుడు ముల్లు తిప్పుకుంటూ కూర్చున్నారో. వాళ్ల బుర్ర బాగానే ఉందని వాళ్లకెవరు చెబుతారే?"

వాళ్ల ఇళ్లెక్కడో గంటమ్మకి తెలీదు. వాళ్లని చేరే దారి ఆ ఒక్క నంబరే.