పెద్దబాపు ముడి

మా పెద్దబాపు, అంటే నాన్నకు అన్న, ఏ మూట కట్టినా ఒకటే ముడి వేసేవాడు. గొర్రెలు కాసే రోజుల్లో నేర్చిన ముడి అది. ఆయన కాక దాన్ని విప్పగలిగింది నేనొక్కదాన్నే. నేను వికారాబాద్‌లో ఫార్మసీ చదివేటప్పుడు తాండూరు నుంచి జొన్నరొట్టెల మూట బస్సులో పంపేవాడు. ఓసారి నేను దించుకోవడం మరిచిపోతే, ఆ మూట డిపోలన్నీ తిరిగి మూడోనాడు నా చేతికొచ్చింది. రొట్టెలు నాపరాళ్లయ్యాయి గానీ, ఒక్కటీ తగ్గలేదు. ఎవరూ విప్పలేకపోయారట.

నేను అక్కడే పరిశోధనలో చేరాక ఆయనకు క్యాన్సర్ వచ్చింది. తాండూరు ఆసుపత్రిలో పక్కన కూర్చుని నా పని గురించి చెప్పాను.

"మందును కంటికి కనబడనంత చిన్న మూటల కడ్తం పెద్దబాపు. జబ్బు కణం మీద ఒక ఎంజైమ్ ఉంటది. గదొక్కటే ఆ మూట ఇప్పుతది. మంచి కణాల కాడ ఇప్పుకోదు."

"గది నా ముడే గద!" అని వార్డంతా చాటాడు. తర్వాత తన బోడితల తడుముకున్నాడు. "మరి నాకెక్కిచ్చే మందుకు ముడెయ్యలేదా?"

"ఇంక ఎలుకల మీదనే చూస్తున్నం."

"ఎలుకలకున్న నసీబు నాకు లేకపాయె."

మరుసటి వారం నర్సు ఫోన్ చేసింది. బల్ల మీద పెట్టిన మందు సీసాను తువ్వాలలో చుట్టి ముడేశాడట. విప్పడం ఎవరికీ రావట్లేదట. కత్తెర తెస్తే తువ్వాల ఖరాబైతదని లొల్లి పెడుతున్నాడట. ఉన్నపళంగా బస్సెక్కాను.

నేను ముడి విప్పుతుంటే నా వేళ్లనే చూస్తూ ముసిముసిగా నవ్వాడు.

"మందుకు కాదు బిడ్డా, గా ముడి నీకేసిన. సూడు, సక్కగ నా కాడికే వచ్చినవ్."