నర్సప్ప చేసిన బెల్లపు మగ్గం

నర్సప్పకు చేతకాని పని ఒక్కటే: చేతులు ముడుచుకుని కూర్చోవడం. అలాంటి మనిషి ఇంట్లోంచి, పందొమ్మిది వందల యాభై ఆరులో, వినాయక చవితికి పది రోజుల ముందు మగ్గం విప్పుకుపోయారు. మగ్గం సావుకారుది. ఆయన కరెంటు మగ్గాలు పెట్టుకున్నాడు, ఇక చేతిమగ్గం చీరలు ఎవరికి కావాలి? గదిలో మిగిలినవి రెండే, కాళ్లు పెట్టుకునే గుంట, దాని కుడిపక్కన మూతపెట్టిన గంజి ముంత. కరీంనగరం వైపు నుంచి షోలాపూరు వచ్చి ఇరవై రెండేళ్లుగా ఆ గుంటలో కూర్చున్నవాడు, మగ్గం లేకపోయినా పొద్దున్నే వెళ్లి అందులోనే కూర్చునేవాడు.

"మగ్గం లేదు, ఏం లేదు, అండ్ల కూసొని ఏం జేస్తవయ్యా? ఇటొచ్చి ఆకులన్న కత్తిరించు" అనేది భార్య సుశీల, ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతూ.

ఇల్లు ఆమె బీడీల మీదే నడుస్తోంది. అయినా నర్సప్ప కదిలేవాడు కాదు. బీడీ చుట్టడం ఆడవాళ్ల పని అని పేటంతా అనుకునేది. ఆయన అందరికంటే గట్టిగా అనుకునేవాడు.

ఆ పేట గణపతి మండపంలో ఏటా తినే బొమ్మల పోటీ జరిగేది. పిండి, బెల్లం, చక్కెర లాంటి తినేవే తప్ప పుల్ల ముక్క కూడా ఉండకూడదు. గెలిచిన బొమ్మను గణపతికి చూపించి, అక్కడికక్కడే విరగ్గొట్టి పిల్లలకు పంచేవారు. ఆ ఏడు మిఠాయి దుకాణం పెంటప్ప ఒక మాటన్నాడు. "గెలిచినోన్ని నా దుకాన్ల పనికి పెట్టుకుంట. పెండ్లిండ్లకు బొమ్మల మిఠాయి జేసెటోడు కావాలె నాకు. పక్కా మాట!"

నర్సప్పకు ప్రాణం లేచొచ్చింది. గోధుమపిండిలో బెల్లప్పాకం, సొంఠిపొడి కలిపి, పలకలుగా ఒత్తి, రొట్టెల భట్టీలో కాల్పించుకొచ్చాడు. ఆ గుంటలోనే కూర్చుని చెక్కడం మొదలుపెట్టాడు. జానెడు మగ్గం, పోగును అటూ ఇటూ మోసే వేలెడు నాడె, పాకం తీగలు లాగి పరిచిన పడుగు! అబ్బ, ఏం చెయ్యండీ అది! అయితే బయట ముసురు పట్టింది. పాకంతో అతికించిన కాళ్లు చెమ్మకు జారిపోసాగాయి. వాటిని అతికించడానికి సుశీల మైదాతో గంజి కాచి తెచ్చి, "ఇగో, తాజాది. ఈడ పెట్టిన" అని ఎడమపక్కన గిన్నె పెట్టి వెళ్లింది. మర్నాడు పొద్దున గిన్నె తోముతూ, "పెట్టింది పెట్టినట్టే ఉన్నదేంది?" అంది. మగ్గాన్ని మండపానికి మోసుకెళ్లే తొందరలో ఆయన వినిపించుకోలేదు.

పోటీలో ఆయనే గెలిచాడు. రెండోస్థానం అదే పేటలో ఉండే యాదగిరి చేసిన చక్కెర గోపురానికి. దాని మీద అప్పటికే చీమలు బారులు తీరాయి. బెల్లపు మగ్గం మీద ఒక్క చీమ లేదు.

"సూడుండ్రి, నర్సప్ప మగ్గం కొరక చీమకు గూడ మనసొప్పుతలేదు!" అని పెంటప్ప నవ్వాడు. జనమంతా నవ్వారు.

నర్సప్ప వంగి మగ్గం అతుకుల వైపు చూశాడు. చీమ ఎందుకు ముట్టదు? ఇరవై రెండేళ్లుగా గంజి కావాలంటే ఆయన చెయ్యి కుడిపక్కకే పోయేది. ఆ ముంతలోది నూలుకు పట్టించే గంజి. బూజు పట్టకుండా, పురుగు రాకుండా మైలుతుత్తం కలిపినది. కడుపులో పడితే విషం. గిన్నెలోది ఎందుకు మిగిలిందో అప్పుడు తెలిసింది.

చెప్పకపోతే? పట్టించింది అతుకులకే కదా, ఏమీ కాదేమో. చెబితే ఆ పని పోతుంది, మరో పని దొరకదు. దేవుడా, ఒక్కసారి చూసీచూడనట్టు ఉండవయ్యా అని మొక్కుకున్నాడు కూడా. అంతలో పెంటప్ప మగ్గం కాలు ఒకటి విరిచి, వరసలో ముందున్న పాప చేతిలో పెట్టాడు.

"తినకు బిడ్డా!" నర్సప్ప ఒక్క గెంతులో వెళ్లి ఆ ముక్క లాగేసుకున్నాడు. "అండ్ల మైలుతుత్తం ఉన్నది. పాత ముంతల గంజి పెట్టిన, సోయిలేక పెట్టిన."

"పోరగాండ్లను సంపుతుంటివి గదరా!" అని ఎవరో అరిచారు. అక్కడున్నవాళ్లంతా నేతగాళ్లే. చెయ్యి దానంతటదే ఎటు పోతుందో వాళ్లకు తెలియనిదా? ముసలి బాలయ్యకు అర్థమైంది. అర్థమై కూడా తల తిప్పుకున్నాడు. పెంటప్ప మాత్రం తిట్టలేదు. "నీ చెయ్యి నీ మాట వింటలేదు నర్సప్పా. తినే సామాన్ల నిన్నెట్ల పెట్టుకోను?" అన్నాడు. ఆ మాటలో తప్పు పట్టడానికి ఏమీ లేదు, అదే నర్సప్పను చంపేసింది. మగ్గాన్ని మురికినీళ్ల మోరీలో పారేశారు. పని యాదగిరికి దక్కింది.

ఇంటికొచ్చి ఆయన గుంట వైపు వెళ్లలేదు. సుశీల పక్కన చతికిలబడ్డాడు. జరిగింది ఆమెకు అప్పటికే ఎరుక. ఆయనే చెయ్యి చాపాడు. "ఆకు ఇయ్యి."

ఆమె చాటను మధ్యకు జరిపింది. ఆయన తంబాకు పరిచి, చుట్టి, కొస మడిచి, దారం కట్టాడు. మొదటి బీడీ. సుశీల దాన్ని వెలుతురులో పెట్టి తిప్పి చూసింది.

"ఎంత సాఫుగ జుట్టినవయ్యా" అంది, సంతోషపెడదామనే.

మగ్గం పోయిన రోజు ఏడవని మనిషి, మండపంలో ఏడవని మనిషి, ఆ మాటకు వెక్కివెక్కి ఏడ్చాడు.