ఎదిగే పిల్లకి కొన్న స్కీలు

1983 చలికాలంలో ఏసుపాదం కూతురికి మంచు మీద జారడానికి కాళ్లకి తొడుక్కునే కొత్త స్కీలు కొన్నాడు. శాంతికి అప్పుడు పదమూడేళ్లు. అమెరికాలో వెర్మాంట్‌లోని ఆ చిన్న ఊరి ఆసుపత్రిలో అతను ఎక్స్‌రే టెక్నీషియన్, భార్య వసంతకుమారి నర్సు. చుట్టుపక్కల మరో తెలుగు కుటుంబం లేదు. తెలుగులో ప్రార్థన వినాలంటే న్యూజెర్సీ దాకా కారులో వెళ్లాలి. నవంబరు మొదలు ఏప్రిల్ దాకా మంచు కురిసే ఊరు కాబట్టి, అక్కడి పిల్లలు నడక రాగానే కొండ మీద నుంచి జారడం నేర్చుకుంటారు. శాంతీ నేర్చుకుంది. ఎదురింటి అమ్మాయి వదిలేసిన పాత స్కీల మీదే కిందటేడు స్కూలు టీముకి అదనపు ఆటగత్తె అయింది. జనవరిలో జరిగే ఎంపికలో నెగ్గితే అసలు టీములోకే తీసుకుంటారు. ఇంట్లో ఆ పిల్ల నోట వేరే మాట లేదు.

దుకాణంవాడు ఒక జత తెచ్చి శాంతి పక్కన నిలబెట్టాడు. మొనలు ఆమె తలని కాస్త దాటాయి. ఇదే సరైన కొలత అన్నాడు. ఏసుపాదానికి నచ్చలేదు. నరసాపురంలో చదువుకునే రోజుల్లో అతని లాగు ఎప్పుడూ మోకాళ్ల కింద వేలాడేది. చెప్పులో మడమ వెనక చేతి బొటనవేలు పట్టేంత ఖాళీ ఉండేది. ఎదిగే పిల్లలకి ఒంటికి సరిపోయింది కొనడమంటే వాళ్లింట్లో దుబారా.

ఇంకా పొడుగువి చూపించమన్నాడు. పొడవు ఎక్కువైతే తిప్పడం కష్టమని దుకాణంవాడు చెప్పి చూశాడు. ఏసుపాదం నవ్వేశాడు. చివరికి అతను ఎంచిన జత, శాంతి చెయ్యెత్తితే మణికట్టుకి తగిలింది.

"డాడీ, ఇవి టూ లాంగ్."

"నువ్వూ లాంగ్ అవుతావుగా అమ్మడూ! వచ్చే ఏటికి నన్నే మించిపోతావు."

ఇంటికొచ్చాక వసంతకుమారి ఆ జతని కిందనుంచి పైదాకా చూసింది. "పిల్ల ఎదిగేదాకా ఆ పోటీ ఆగుతుందటండీ?" అంది.

"అలవాటైపోతాయిలే" అన్నాడతను.

ప్రతి శనివారం అతనే కొండ దగ్గరికి తీసుకెళ్లేవాడు. శాంతి పడేది, లేచేది, మళ్లీ పడేది. అతను కాఫీ కప్పు పట్టుకుని కింద నిలబడి, "కొత్త చెప్పు కరుస్తుందమ్మడూ! నాలుగు రోజులు ఓర్చుకో" అని కేకేసేవాడు. క్రిస్మస్ నాటికి పడటం తగ్గింది. వాలు మీద బాణంలా దూసుకొచ్చేది. చూసి అతని ఛాతీ పొంగింది. తిప్పలేక తిన్నగా వస్తోందని అతనికి తట్టలేదు.

"అలవాటయ్యాయా?"

"అయ్యాయి డాడీ."

ఎంపిక నాడు వాలు పొడుగునా జెండాలు పాతారు. ఒకదానికి ఎడమగా, తర్వాతదానికి కుడిగా తిరుగుతూ దిగాలి. శాంతి మొదటి జెండా దాటింది. రెండోదాని దగ్గర స్కీల తోకలు మంచులో గీరుకున్నాయి. మూడోదాని దగ్గర ఒళ్లంతా వంచి తిప్పింది. ఒళ్లు తిరిగింది గాని స్కీలు తిరగలేదు. జెండాని వదిలేసి తిన్నగా వెళ్లి వలకంచెలో పడింది. దెబ్బ తగల్లేదు. లేచి, దులుపుకుని, పక్కవారగా మెల్లగా దిగివచ్చింది.

కోచ్ ఆ స్కీలు చేతిలోకి తీసుకుని ఏసుపాదం పక్కన నిలబెట్టాడు. అతని ఎత్తుకి అచ్చంగా సరిపోయాయి. "ఇవి మీకు తగినవి. పాతవి తెచ్చుకోమని మీ అమ్మాయికి నెల నుంచీ చెబుతున్నాను. మా నాన్న కొన్నారు, అలవాటు చేసుకుంటానంది" అన్నాడు.

కారు ఇంటిదారి పట్టాక అతను అడిగాడు.

"నాకెందుకు చెప్పలేదమ్మా?"

"చెప్పాను కదా. షాప్‌లో."

"పాతవైనా వేసుకోవాల్సింది..."

"అవి చర్చ్ సేల్‌కి ఇచ్చేశావు కదా డాడీ."

అవును, ఇచ్చేశాడు. కొత్తవి ఇంటికొచ్చిన వారమే కారులో పెట్టుకెళ్లి చర్చివాళ్ల పాత సామాన్ల అమ్మకానికి ఇచ్చి, గ్యారేజీలో చోటు కలిసొచ్చిందని సంతోషించాడు. శాంతి గొంతులో కోపం లేదు. ఉంటే అతను ఏదో ఒకటి చెప్పుకోగలిగేవాడు.

మర్నాడే సరైన కొలత జత కొనిస్తానన్నాడు. వద్దంది. వచ్చే ఏడాదికన్నా అని అడిగాడు. "నాకింక స్కీయింగ్ వద్దు డాడీ. ఇట్స్ ఓకే" అంది. స్కూలు బ్యాండులో క్లారినెట్ తీసుకుంది. శనివారాలు ఖాళీ అయిపోయాయి.

ఫిబ్రవరిలో ఏసుపాదం బూట్లు అద్దెకి తెచ్చి, వాటికి తగ్గట్టు స్కీల మీద బూటుని పట్టే బిగింపులు మార్పించి, ఆ స్కీలు తనే తొడుక్కున్నాడు. తను పడుతుంటే నవ్వడానికైనా శాంతి వస్తుందనుకున్నాడు. వస్తే, అలా కాదు డాడీ అని ఎలా తిప్పాలో చూపిస్తుంది. చూపించాలంటే ఆ పిల్లా మళ్లీ స్కీలు తొడుక్కోవాలి కదా అనుకున్నాడు.

"నలభై నాలుగేళ్లొచ్చాయి. కాలు విరిగితే మీ ఎక్స్‌రే ఎవరు తీస్తారండీ?" అంది వసంతకుమారి. అన్నదేగాని ఆపలేదు.

చంటిపిల్లలు నేర్చుకునే వాలు మీద అతను శనివారం శనివారం పడ్డాడు. ఐదేళ్ల పిల్లలు అతన్ని చుట్టి దాటిపోయేవారు. శాంతి ఒక్కసారీ రాలేదు.

మార్చి చివర ఒక శనివారం, బ్యాండు సాధన అయ్యాక ఇంటికి తీసుకెళ్లడానికి వేరే ఎవరూ లేక, ఆమెని వెంట తెచ్చాడు. ఆమె కారులో హీటర్ వేసుకుని కూర్చుంది. అతను పైకెక్కి దిగాడు. మెత్తబడ్డ మంచు మీద కుడికి తిరిగాడు, ఎడమకి తిరిగాడు, చేతులు గాలిలో ఊపుకుంటూ అడుగుదాకా వచ్చి ఆగాడు. పడకుండా దిగడం అతనికి అదే మొదలు.

కారు వైపు చూశాడు. శాంతి అద్దం మీద ఆవిరిని చొక్కా చేతితో తుడిచి, బొటనవేలు ఎత్తి చూపింది. రమ్మని అతను చెయ్యి ఊపాడు. మళ్లీ ఊపాడు. ఆమె తల అడ్డంగా ఆడించి నవ్వింది. ఇంటికొచ్చే ఆంటీలకీ అంకుల్స్‌కీ నవ్వే నవ్వు అది, నిండా మర్యాద. ఆ తర్వాత తల దించుకుని ఒళ్లో పుస్తకం పేజీ తిప్పింది.

ఏసుపాదానికి ఇంకోసారి ఎక్కాలనిపించింది. కానీ ఇంటికెళ్లడానికి పిల్ల కారులో ఎదురుచూస్తోందని, అక్కడే మంచులో కూర్చుని స్కీలు విప్పుకోసాగాడు.