బావ వైద్యం

మా అక్క వాళ్లది నరసన్నపేట. పోయిన వేసవిలో నేను వెళ్లేసరికి వాళ్ల కుక్క టైగర్ దవడ వేలాడేసి, చొంగ కారుస్తూ పడి ఉంది. నీళ్లు పెట్టినా మింగలేకపోతోంది. పశువుల డాక్టర్ని పిలుద్దామన్నాను.

"డాక్టరెందుకురా? గొంతులో ఎముక ఇరుక్కున్నాది. నాను తీసేస్తాను సూడు," అన్నాడు బావ. ఊళ్లో ఎవరికి జ్వరమొచ్చినా మందు చెప్పే మనిషి ఆయన. అక్క వద్దంటున్నా వినకుండా దాని నోట్లో చేయి పెట్టి వెతికాడు. ఎముక దొరకలేదు గానీ, పళ్లు గీరుకుని చేతికి రక్తం వచ్చింది.

నేను ఫోన్ చేస్తే వచ్చిన డాక్టర్ దూరం నుంచే చూసి, "ఇది రేబిస్‌లా ఉంది. టీకా వేయించారా?" అని అడిగాడు.

"ఇంట్లో కట్టేసిన కుక్కకి టీకా ఏటండి?" అన్నాడు బావ.

"అయితే ముందు మీరు ఆ చెయ్యి సబ్బుతో బాగా కడుక్కుని పెద్దాసుపత్రికి వెళ్లండి."

ఆటోలో బావ నా భుజం పట్టుకుని, "ఒరే, నాను బతుకుతానేటి?" అని దారి పొడవునా అడుగుతూనే ఉన్నాడు.

సూదులన్నీ వేయించుకుని ఆయన బతికాడు. టైగర్ మర్నాడే చచ్చిపోయింది. ఇప్పుడు పెళ్లిళ్లలో కూర్చుని, పిచ్చికుక్క నోట్లో చేయి పెట్టినా తనకేమీ కాలేదని చెప్పుకుంటాడు. కుక్క ఎలా పోయిందని ఎవరైనా అడిగితే, "దానికి ఆయుష్షు తీరిపోనాది," అంటాడు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండిపోతుంది.