కిషన్‌రావు సాబ్ రాసిన ఐదు

మొన్న పొద్దున పక్క చేనులో పత్తికి మందు కొడుతుంటే గాలి మా వాకిట్లోకి తిరిగింది. ఆ ఘాటు గొంతులో తగలగానే చదువుతున్న పుస్తకం మూసేశాను. మందుల పేర్లు ఎన్ని మారినా ఆ వాసన నాకు ఒకే మనిషిని గుర్తుకు తెస్తుంది. ఖాకీ నిక్కరు, మెడలో తువ్వాల, అరచేతిలో గొలుసు గడియారం. ఆదిలాబాద్ కిషన్‌రావు సాబ్. హెలికాప్టర్‌తో పత్తి చేలకు మందు చల్లే కంపెనీలో నేలమీది పనులన్నిటికీ ఆయన పెద్ద. నేను అదే కంపెనీలో జెండా పట్టుకునేవాణ్ణి. నా పెట్టెలో మాత్రం హెలికాప్టర్ నడిపే లైసెన్సు ఉండేది.

ఈ రెండూ ఒకే మనిషి విషయంలో ఎట్లా నిజమయ్యాయో చెప్పాలి. కరీంనగర్ గ్రంథాలయంలో ఇంజన్ల గురించి, గాలి గురించి దొరికిన ప్రతి పుస్తకమూ నిఘంటువు పక్కన పెట్టుకుని చదివాను. నిజాం కాలంలో చదువు ఉర్దూలో మొదలైంది కాబట్టి తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు మూడూ చదవగలనని నాకు గర్వం. స్కాలర్‌షిప్పు మీద మొదట విమానం, తర్వాత హెలికాప్టర్ నేర్చుకున్నాను. లైసెన్సు చేతికొచ్చేనాటికి హెలికాప్టర్ మీద నేను ఎగిరింది అరవై రెండు గంటలు. ఉద్యోగమిచ్చే కంపెనీలు దేశం మొత్తంలో వేళ్లమీద లెక్కపెట్టేన్ని. ప్రతిచోటా ఒకటే ప్రశ్న, ఎన్ని గంటలు ఎగిరావని. నూట యాభై దాటాక రమ్మనేవారు. ఎగరనిస్తే కదా గంటలు వచ్చేది? మెట్‌పల్లి దగ్గరి మా ఊళ్లో ఈ సంగతి చెబితే, అవ్వ చాట పక్కన పెట్టి, "గన్ని గంటలు ఏం జేసుకుంటవ్ బిడ్డా, ఎడ్ల మెడల కడ్తవా?" అన్నది. నేను నవ్వలేదు. విషయం అర్థమయ్యాక ఆమె కూడా నవ్వలేదు. నాకు ఎగిరే ఉద్యోగం దొరికితే వేములవాడ రాజన్నకు కోడె కడతానని మొక్కుకుంది.

జెండా మనిషిగానైతే తీసుకుంటామన్నది ఈ కంపెనీ ఒక్కటే. చేను చివర జెండా ఎత్తి నిలబడితే దాన్ని చూసుకుంటూ హెలికాప్టర్ వస్తుంది. తలమీదుగా పోగానే పదిహేను అడుగులు పక్కకు జరిగి మళ్లీ నిలబడాలి. మందు ఒంటిమీద పడుతుంది. "పైలట్ సాబ్, జర గా డబ్బ ఇటు అందుకోరాదు," అని కూలీలు ఎకసెక్కాలాడేవారు. మొదటి సీజను అట్లాగే గడిచింది. ఒక మధ్యాహ్నం కిషన్‌రావు సాబ్ మందు డ్రమ్ముమీద కూర్చుని జొన్నరొట్టె తింటూ నన్ను పిలిచి, గాలిలో ఇంజన్ ఆగితే ఏం చేస్తావని అడిగాడు. పుస్తకాల్లో ఉన్నదంతా అప్పజెప్పాను. ఆయన చివరిదాకా విన్నాడు. "మంచిగనే సదివినవ్ రాజం. చేతులు మర్చిపోతున్నయ్ నీయి. గదే నా ఫికర్," అన్నాడు.

ఒకచోట పని ముగిశాక హెలికాప్టర్‌ను ఖాళీగా ఇంకోచోటికి తీసుకుపోవాలి. ఆ పని నాకిమ్మని ఆయన హెలికాప్టర్ నడిపే కెప్టెన్‌ను వారాల తరబడి బతిమాలాడు. అట్లా నా గంటలు పెరగడం మొదలైంది. ఒకసారి పది నిమిషాలు, ఒకసారి ఇరవై, ఉట్నూరు అడవుల మీదుగా పోయిన రోజు ఒక గంట. ఇంజన్ మొదలైనప్పుడూ ఆగినప్పుడూ ఆయన గడియారం చూసి చెప్పేవాడు, నేను నా గంటల లెక్క పుస్తకంలో ఎక్కించుకునేవాణ్ణి. ఒకరోజు పన్నెండు నిమిషాలు ఎగిరి దిగితే, ముప్పై రాసుకొమ్మన్నాడు కెప్టెన్, ఎవరు చూడొచ్చారని. నాకు ఆశ పుట్టింది. కెప్టెన్ అటు వెళ్లాక కిషన్‌రావు సాబ్ నా కలం మీద చేయి పెట్టాడు. "వద్దు. రేపు పైన ఇంజన్ బందయితే గా పద్దెనిమిది నిమిషాలు ఏడికెల్లి తెస్తవ్?"

పన్నెండే రాశాను. నాలుగు సీజన్లకు పాతవాటితో కలిపి నూట యాభై అయిదు గంటలయ్యాయి. అప్పుడే బొంబాయి కంపెనీ ఒకటి పైలట్లు కావాలని ప్రకటించింది. నా దరఖాస్తుకు తోడుగా కిషన్‌రావు సాబ్ ఆదిలాబాద్‌లో ఇంగ్లీషులో ఒక ఉత్తరం టైపు చేయించాడు. గంటల దగ్గర ఖాళీ ఉంచమన్నాడు. పాత గంటలు నా పుస్తకంలో చూసి, మిగతావి కళ్లారా చూసి తేల్చిన లెక్క కాబట్టి తన చేత్తోనే రాస్తానన్నాడు. రెండు ప్రతుల్లోనూ రాసి నాకిచ్చాడు. నేను రెండుసార్లు చదువుకుని ఒకటి పోస్టు చేశాను.

మూడు వారాలకు జవాబొచ్చింది. మీరు నూట యాభై అయిదు అంటున్నారు, మీ పైఅధికారి వంద అంటున్నారు, గంటల విషయంలో అబద్ధమాడేవారికి మా దగ్గర చోటు లేదని. నేను పరుగున చేల దగ్గరి మా కంపెనీ కాంపుకు పోయాను. వంద ఎక్కడిదని కిషన్‌రావు సాబ్ రెండో ప్రతి తెమ్మన్నాడు. అది చూసి అంకె మీద వేలు పెట్టాడు. ఆయన చదివింది ఉర్దూ బడిలో. తొందరలో చేయి పాత దారిన పోయింది. ఉర్దూలో ఒకటి నిలువు గీత. ఐదు ఇంచుమించు సున్నలాగే ఉంటుంది, సున్నకు చుక్క పెడతారు. ఆయన నూట యాభై అయిదే రాశాడు. ఉర్దూ రాని కంటికి అది వంద.

"నువ్ సదివినవ్ గదా రాజం?"

"సదివిన సాబ్."

"మరి నీకు కనవడలేదా?"

నింద కాదది. నిజంగానే అడిగాడు. నేను చదివాను, మూడు భాషలు వచ్చినవాణ్ణి కనుకనే నాకు అది నూట యాభై అయిదుగానే కనబడింది.

అంతా వివరిస్తూ మళ్లీ రాశాం. జవాబు రాలేదు. ఇంకో రెండు కంపెనీలకు రాస్తే, మీ సంగతి విన్నామని ఒకరు, ఖాళీలు లేవని ఒకరు. ఆ ఏడాదే మా కంపెనీ జిల్లా విడిచి వెళ్లింది. ఎగరక నా లైసెన్సు గడువు తీరింది. ఉట్నూరులో ఒక సర్కారు ఆఫీసులో జీపు నడపడానికి చేరాను, మిగతా ఉద్యోగమంతా అక్కడే చేశాను. అవ్వ మొక్కు తీరనేలేదు.

కాంపు ఎత్తేసే రోజున ఖాళీ డ్రమ్ములు లారీకెక్కిస్తుంటే, వాటి మూతలమీద సుద్దతో వేసిన ఇంగ్లీషు 5లు కనబడ్డాయి. వరుసలు వరుసలు. కొన్ని వంకరగా, కొన్ని బోర్లపడి, చివరివి కాస్త కుదురుగా. కిషన్‌రావు సాబ్ నన్ను చూసి తువ్వాలతో తుడవబోయాడు. "చెయ్యి తిరుగుతలేదు," అన్నాడు. మరుసటి ఏడు ఆయన పోయిండని ఒక లారీ డ్రైవరు చెబితే తెలిసింది.

ఇప్పటికీ ఎక్కడ అంకె వేసినా పక్కన అక్షరాల్లో కూడా రాస్తాను. రాశాక, ఏమీ తెలియనివాడు చదివినట్టు ఒకసారి చదవాలని చూస్తాను. ఇన్నేళ్లయినా అది నాకు చేతకావడం లేదు.